అక్క పుక్కిలింత నీళ్లలో నిమ్మరసం

చీపురుపల్లి స్టేషన్‌లో చల్లటి నీళ్లు ఒక గుక్క తాగగానే ముందు పళ్లు జివ్వుమన్నాయి. చలికాలం కదా అనుకున్నాను. నాలుగు రోజులయ్యేసరికి గోరువెచ్చటి టీకి కూడా అదే బాధ. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ పాఠం చెప్తూ మాటిమాటికీ నాలుకతో పళ్ల అంచులు తడుముకుంటున్నానని, పిల్లలు నవ్వేదాకా నాకే తెలియలేదు.

శ్రీకాకుళంలో పళ్ల డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి చూసింది.

"నిమ్మకాయలు గానీ చప్పరిస్తున్నారా మాస్టారూ? ఎనామిల్ పల్చబడింది."

లేదన్నాను. కూల్‌డ్రింకులూ తాగనన్నాను. రోజుకు మూడుసార్లు ఆకుల నీళ్లతో పుక్కిలిస్తానని కొంచెం గొప్పగానే చెప్పాను. అందులో ఏమేం ఉంటాయని అడిగింది. జామాకు, వేపాకు, లవంగం అని చెప్తూ ఆగిపోయాను. నాలుగోది నిమ్మరసం.

"మొదటి మూడింటితో గొడవ లేదు. ఆకుల్లోని వగరు పంటిని కొంత కాపాడుతుందని కూడా అంటారు. కానీ పులుపు పడితే ఎనామిల్ మెత్తబడుతుంది. దానిమీద వెంటనే బ్రష్ చేస్తే అరిగిపోతుంది. పోయింది మళ్లీ పుట్టదండీ," అంది.

ఆ నీళ్లు గజపతినగరంలో మా అక్క కాస్తుంది. అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైన మనిషి, ఊరికే కూర్చోలేదు. కాచి, వడగట్టి, సీసాల్లో పోసి, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో అమ్ముతుంది. సీసా మీద 'పంటి ఎనామిల్‌కు రక్ష' అని చీటీ అంటిస్తుంది. మొదట్లో ఆ నీళ్లు మూడో రోజుకే పాడైపోయేవి. "ఒరే, నిలవుండడానికి ఏటెయ్యాలో సెప్పు, నువ్వు సదువుకున్నోడివి కదా" అని ఫోన్ చేస్తే, "నిమ్మకాయలు పిండు" అన్నది నేనే. రైలెక్కుతూ చెప్పాను. ఒక్క నిమిషం ఆలోచించలేదు.

మర్నాడు ల్యాబ్‌లో ఆ నీళ్లలో నీలి లిట్మస్ కాగితం ముంచాను. ఎర్రబడిపోయింది. ఏటేటా పిల్లల చేత నేను చేయించే పనే అది.

ఆ వారమంతా నాకు కుదురు లేదు. అక్కకి రెండుసార్లు ఫోన్ చేశాను. "ఏటిరా, ఇంత పొద్దున్నే?" అంటే "ఏం లేదు, ఊరికే" అని పెట్టేశాను. ఆమదాలవలస నుంచి రోజూ కాలేజీకి వెళ్లే రైల్లో ఎదుటివాళ్ల మాటలు వినకుండా పళ్లే చూసేవాణ్ణి. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే తలుపు దగ్గరికి వెళ్లి మళ్లీ వెనక్కొచ్చేవాణ్ణి.

ఆదివారం వెళ్లాను. అప్పటికే అక్క వరండాలో బల్ల మీద సీసాలు సర్దుతోంది.

"అక్కా, ఇవి అమ్మొద్దు. పళ్లు పాడవుతున్నాయి."

"ఎవులు సెప్పినారు?"

"డాక్టరమ్మ. నేనూ చూశాను. నిమ్మరసం వల్లే."

"ఎయ్యమన్నది నువ్వే కదరా!" అంది అక్క. గొంతు పెంచలేదు, అయినా చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

సీసాలన్నీ సంచిలో వేసి ఇంటికి తెచ్చాం. తను నమ్మలేదని మొహమే చెప్తోంది. పొయ్యి పక్కనున్న కోడిగుడ్డు పెంకు ఒకటి గ్లాసులో వేసి, దానిమీద ఆ నీళ్లు పోశాను. కాసేపటికి పెంకు చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. పన్నూ గుడ్డు పెంకూ ఒకటి కాదుగానీ పులుపు రెండింటినీ తింటుందని చెప్పాను. అక్క గ్లాసు ఎత్తి వెలుగులో చాలాసేపు చూసింది. తర్వాత లేచి సీసాలన్నీ ఒక్కొక్కటే తూములో ఒంపేసింది. నేను సాయం పట్టబోతే చెయ్యి తోసేసింది.

"పద. కొన్నోలందరికీ సెప్పాల. నువ్వే సెప్పాల."

మధ్యాహ్నం ఎండలో ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి గుమ్మం ముందూ తప్పు నాదేనని చెప్పాను. ఒక ముసలమ్మ పకపకా నవ్వింది. "నా నోట్ల పళ్లెక్కడున్నాయిరా అరిగిపోడానికి? లవంగం వాసన బాగుందని పుక్కిలిస్తన్నాను." ఎలిమెంటరీ స్కూల్ టీచరమ్మ మాత్రం నవ్వలేదు. రెండు నెలలుగా ఆవిడకీ చల్లనిది పడటం లేదట. "మీలాంటివాళ్లే ఇలా చెప్తే ఎలాగండీ?" అంది. డాక్టరమ్మ అడ్రసు రాసిచ్చాను.

ఒక్కరు మాత్రం దొరకలేదు. బస్టాండులో పరిచయమై రెండు సీసాలు కొనుక్కుని రాయగడ రైలెక్కిన మనిషట. పేరు అక్కకి తెలియదు. "నల్ల గొడుగు ఉన్నాది ఆవిడ కాడ," అంది, అంతే.

అక్క మళ్లీ కాస్తోంది. నిమ్మరసం లేదు. కొద్దికొద్దిగానే కాచి, ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో వాడేయమని చెప్పి మరీ ఇస్తుంది. చీటీ మీద ఎనామిల్ మాట తీసేసి, 'నోరు పుక్కిలించే నీళ్లు' అని మాత్రం రాస్తోంది. నాతో మాటలు మామూలుగానే ఉన్నాయి గానీ, సలహా అడగడం మానేసింది. డాక్టరమ్మ నా పళ్లకు ఏదో పూత పూసింది, జివ్వుమనడం తగ్గింది. రాయగడ వైపు వెళ్లిన ఆవిడ రెండో సీసా కూడా ఈపాటికి అయిపోయే ఉంటుంది.