రాలిపోయిన చిలక చోటు

నా చిన్నప్పుడు బర్మాలో, పజుండౌంగ్ పేటలో మా ఇంటి గోడలు ఏనాడూ పూర్తిగా ఆరేవి కావు. వాగు పక్క ఇల్లు. ఒక వానాకాలపు తడి ఇంకకముందే మరో వానాకాలం వచ్చి పడేది. బట్టలకు బూజు, బియ్యానికి పురుగు, గోడలకు పాచి. ఆ గోడల్లో ఒకదాని మీద, వంటింటి గుమ్మం పక్కన, మా అమ్మ ఎర్రమట్టి పూసి సున్నపు నీళ్ళతో చిలకల జంటను వేసింది. పెళ్ళికి ఇంటి గోడల మీద అలా బొమ్మలు వెయ్యడం సిక్కోలు వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మా వాళ్ళ అలవాటు. ఆ చిలకలు వేసింది మా మేనత్త పెళ్ళికి. ఆ ఏడాదే అమ్మ జ్వరంతో పోయింది.

అమ్మది ఫొటో ఒకటి ఉండేది గాని, తడికి అద్దానికి అంటుకుపోయి, తీయబోతే సగం ఊడిపోయింది. నుదురూ ఒక కన్నూ మిగిలాయి. అందుకని నాకు అమ్మంటే ఆ చిలకలే. బడి నుంచి రాగానే వాటి ముందు కూర్చుని ఆనాటి సంగతులన్నీ చెప్పేదాన్ని. తర్వాతి వానల్లో కుడివైపు చిలక పెచ్చులు పెచ్చులుగా రాలింది. నానమ్మ ఆ పెచ్చులను చేటలోకి ఎత్తుతూ ఏడ్చింది. నేను అన్నం మానేశాను.

మా మావయ్య, అంటే అమ్మకు అన్న, తాపీ మేస్త్రీ. ఇరావతికి ఎగువన వానలు మొహం చాటేసిన ఎడారి నేల ఒకటి ఉంది. ముళ్ళకంపలు, తాటిచెట్లు, ఇసుక, వాటి నడుమ ఎటు చూసినా పాత ఇటుక గుళ్ళు. భూకంపానికి చెదిరిన ఆ గుళ్ళను నిలబెట్టే పనికి వెళ్ళేవాడు ఆయన. ఆ ఏడు మమ్మల్ని చూడ్డానికి వచ్చినప్పుడు నానమ్మ ఆయన్ని గోడ ముందుకు తీసుకెళ్ళింది.

"నువ్వూ నీ సెల్లీ ఒక్క తల్లి సేతికిందే నేర్సుకున్నారు. ఆ సిలకను నువ్వేసీ బాబూ. గుంట బెంగెట్టుకుంది" అంది.

మావయ్య నన్ను దొడ్డిగోడ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఎర్రమట్టి పూసి, పుల్లకు గుడ్డపేలిక చుట్టి, సున్నపు నీళ్ళలో ముంచి చిలకను వేశాడు. అదే మెడ వంపు, ముక్కున అదే మామిడి రెమ్మ. వేసి, "ఎవులేసినట్టుందే?" అని అడిగాడు.

"అమ్మ" అన్నాను. అని నవ్వానట. అమ్మ పోయాక నేను నవ్వడం అదే మొదలని నానమ్మ తర్వాత చెప్పింది.

మావయ్య తడిగుడ్డ తీసుకుని ఆ చిలకను తుడిచేశాడు.

నేను ఆయన చేతిని కరిచాను. అంత కోపం మళ్ళీ నా జన్మలో ఎవరి మీదా రాలేదు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు ఆయన. ఆయన కళ్ళూ కారుతున్నాయి.

"అది నానేసినానే. నువ్వేమో అమ్మ అని అనేసినావు. రేపు లోపలి గోడ మీదేసినాననుకో, ఏది దానిదో ఏది నాదో కొన్నాళ్ళకి నాకే తెలవదు. అప్పుడు ఆ మిగిలిన సిలక కూడా పోయినట్టే గదే."

తర్వాత నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ ఎండదేశం కబుర్లు చెప్పాడు. అక్కడి పొడిగాలి వల్ల గుళ్ళ లోపలి గోడల మీద ఎన్నో తరాల కిందటి బొమ్మలు ఇంకా నిలిచి ఉన్నాయట. ఎక్కడైనా ఒక ముఖం రాలిపోతే, ఆయనకు పని నేర్పిన సాయా, అంటే బర్మా గురువు, ఆ ముఖాన్ని మళ్ళీ వెయ్యనిచ్చేవాడు కాదట. అంచులు ఊడకుండా పట్టించి, ఆ చోటును ఖాళీగా వదిలేసేవారట. కొందరు దాతలు మాత్రం పాత గోడ మీద సిమెంటు మెత్తించి, కొత్తగా మెరిసేలా చేయించేవారట. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే అదేనని విసుక్కున్నాడు. అవన్నీ నాకెందుకు? నాకు నా చిలక కావాలి.

మర్నాడు ఆయన సున్నంలో జల్లించిన ఇసుక, బెల్లం నీళ్ళు కలిపి నూరాడు. మిగిలిన చిలక అంచుల వెనక్కి కోడి ఈకతో సున్నపు తేట ఎక్కించి, పైన దూది పెట్టి అరచేయి ఆన్చి, జ్వరం చూస్తున్నట్టు చాలాసేపు పట్టుకున్నాడు. రాలిన చోటును ఉత్త తెల్లసున్నంతో పూడ్చి, పాతదానికంటే కాస్త లోతుగానే ఆపేశాడు. చేత్తో తడిమితే పాత పని ఎక్కడ ఆగిందో తెలిసేది. "ఇదేటి బాబూ, పుండుకి కట్టు కట్టినట్టుంది" అని నానమ్మ నిష్ఠూరమాడింది. నేను ఆయనతో మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు స్టేషనుకు కూడా పోలేదు.

ఆ ఒంటి చిలక నా పెళ్ళిని చూసింది. తర్వాత అపార్టుమెంట్ల కోసం ఆ వరస ఇళ్ళన్నీ కూల్చేశారు. అప్పటికి మావయ్య లేడు. నేను వెళ్ళేసరికి ఇటుకలను బండికెత్తుతున్నారు. ఎర్రమట్టి అంటిన ముక్క ఒక్కటీ దొరకలేదు. తరాల తరబడి నిలబడడానికి మాదేమీ ఎండదేశం కాదు కదా.

ఇప్పుడు అదే ఊరి నడుమ చౌక్తడాలో నాలుగో అంతస్తులో ఉంటున్నాను. మా మనవరాలు నన్ను అవ్వా అనకుండా బర్మా పిల్లల్లాగే ఫ్వాఫ్వా అంటుంది. మొన్న సగం మిగిలిన ఆ అమ్మ ఫొటోను తన ఫోనులోకి ఎక్కించి, ఏదో నొక్కి నా చేతిలో పెట్టింది. రెండు కళ్ళు, ముక్కుపుడక, చిన్న నవ్వు. "ఫ్వాఫ్వా, ముత్తవ్వ ఎంత బాగుందో సూడు" అంది. సంతోషపెడదామనే చేసింది, పిచ్చిపిల్ల. నేనూ నవ్వాను. దొడ్డిగోడ ముందు నవ్వినట్టే నవ్వాను. ఆ వెంటనే ఆ నోటి వైపు మళ్ళీ చూశాను.

"ఆ నోరు ఎవులేసినారే?" అని అడిగాను.

"ఎవులూ కాదు. ఫోనే."

"తుడిసీయే" అన్నాను. దాని మొహం చిన్నబోయింది. మావయ్యకు ఆ రోజు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

అమ్మ నవ్వు ఎలా ఉండేదని ఇంట్లో పిల్లలు అడుగుతూనే ఉంటారు. నాకు గుర్తు లేదు. ఏదో ఒకటి చెబితే వాళ్ళు నమ్ముతారు, నాలుగుసార్లు చెబితే నేనూ నమ్ముతాను. అందుకే చెప్పను. ఆ నుదురూ ఆ ఒక్క కన్నూ మా అమ్మవి. మిగతాది మావయ్య పూసిన తెల్లసున్నం. ఇన్నేళ్ళూ దాని మీద ఏ గీతా గీయకుండా కాపాడుకుంటూ వచ్చాను.