చేట చేతికిచ్చే పద్ధతి

నా భార్య పోయిన మూడో నెలలో భద్రాచలంలో చేటలు అమ్మడానికి కూర్చున్నాను. అంతకుముందు నేను ఏదీ అమ్మి ఎరుగను. మణుగూరు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో వెదురు చేటలు, బుట్టలు అల్లించింది నా భార్యే. మరో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి తానూ అల్లేది. గుడి దారిలో తానే కూర్చుని అమ్మేది.

ఆమె పోయాక ఆ ఇద్దరూ వచ్చారు.

"సారూ, ఈ పెండ్లిళ్లల్ల సరుకు పోకుంటే మేం కూలికి పోతం. ఏమనుకోకు," అంది పెద్దామె.

వాళ్లు వెళ్తే షెడ్డు మూతపడుతుంది. అది నాకు ఇష్టం లేదు. షెడ్డులో మిగిలిన సరుకు మూట కట్టుకుని, నా భార్య కూర్చునే చోటికే వెళ్లాను.

వచ్చినవాళ్లకు వెదురు ఎప్పుడు కొట్టాలో, అల్లిక ఎందుకు బిగువుగా ఉండాలో చెప్పేవాణ్ణి. శ్రద్ధగా విని వెళ్లిపోయేవారు.

"పాఠం అయిపోయిందా సారూ? గంట కొట్టనా?" అనేది పక్కన పసుపు, కుంకుమ అమ్మే ఆమె.

ఒక రోజు పెళ్లికూతురి తల్లి ఒకావిడ చేటలు చూసి మెచ్చుకుంది. నేను ఒకటి తీసి అందించాను. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. ధర తగ్గిస్తానన్నాను. ఆగలేదు.

"ఎంత తగ్గిస్తే ఏంది? పెండ్లికి కొననొస్తే ఖాళీ చాట చేతుల పెడతవా? నాలుగు బియ్యం గింజలెయ్యాలె," అంది పక్కనామె.

"మేం చర్చికి పోయేవాళ్లం. మాకా పట్టింపు లేదు."

"నీకు లేకుంటే కొనేటోళ్లకు ఉండదా? నీ ఇంటామె చర్చికి పోలే? రోజూ కొంగున బియ్యం కట్టుకొని రాలే? మల్ల సదువుకున్నోడివంట!"

ఆ బియ్యం సంగతి నాకు తెలుసు. పిచ్చుకలకు వేస్తుందనుకునేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

పక్కనామె ఎదురు కొట్టుకు వెళ్లి గుప్పెడు బియ్యం తెచ్చింది. "ఓ అక్కా! ఇటు రా. సారు కొత్తోడు, తెల్వలే," అని ఆ తల్లిని కేకేసింది. ఆవిడ నవ్వుతూ తిరిగి వచ్చింది. చేటలో గింజలు వేసి రెండు చేతులతో ఇచ్చాను. కళ్లకద్దుకుని తీసుకుంది. అల్లిక గురించి చెప్పబోయాను. పక్కనామె కళ్లురిమింది. ఆ తల్లి చేట అంచు వేలితో తడిమి, ఇంకో నాలుగు ఇమ్మంది.

అమ్మడమంటే నా సరుకు గురించి చెప్పడమనుకున్నాను. కొనే మనిషిని చూడటమని నా భార్యకు తెలుసు. ఆమె నుంచి నేర్చుకోవలసింది ఆమె పోయాకైనా నాకు చేరింది. చేర్చిన మనిషి నన్ను రోజూ ఆటపట్టిస్తూనే చేర్చింది. ఆ పక్కనామెకు రుణపడి ఉన్నాను.

వానలకు ముందే సరుకంతా పోయింది. ఆ సాయంత్రం షెడ్డులో ఇద్దరికీ ఖాళీ మూటగుడ్డ చూపించాను.

"అయితే వెదురు తెప్పియ్యి సారూ," అంది పెద్దామె. "మమ్మల్ని ఊకె కూసోబెడతవా?"