మూడో మనిషి విన్న పాట

జీలాంగ్ వైపు వెళ్ళే రైల్లో, టార్నీట్ స్టేషన్ దాటాక, నా పక్క సీటు అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చి, నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని పలకరించింది. యూనివర్సిటీలో నీలి తిమింగలాల పాటల మీద పరిశోధన చేస్తోందట.

"చూడ్డానికి అన్నీ సేమ్ ఆంటీ. కానీ ఏ గుంపు పాట దానిదే. ఇందులో ఉన్న ఈ పాట మాత్రం ఇంతవరకు ఎవరి రికార్డింగ్స్‌లోనూ లేదు. అంటే కొత్త గుంపు."

"తెలిస్తే వాటికేం లాభం?"

"ఇవి తిరిగే సముద్రంలో పెద్ద పెద్ద శబ్దాలు చేస్తూ ఆయిల్ కోసం వెతకబోతున్నారు. వేరే గుంపుందని ప్రూవ్ చేస్తే ఆపమని అడగొచ్చు. లేదంటే, ఉన్నాయని తెలియకుండానే పోతాయి."

హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకు పెట్టింది. మన చెవికి అందాలని స్పీడ్ పెంచిందట. మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో లోతులోంచి ఒక మూలుగు సాగి సాగి వచ్చింది. కిటికీ బయట ఎండుగడ్డి మైదానమంతా నీళ్ళలా కదిలింది. ఎంతసేపు విన్నానో తెలియదు.

"వినిపించింది కదా ఆంటీ?" ఆత్రంగా అడిగింది. "నేనూ మా ప్రొఫెసరే విన్నాం. మీరు మూడో మనిషి."

జీలాంగ్‌లో దిగిపోయింది. పేరైనా అడగలేదు. ఆ ఆయిల్ వెతుకులాట ఆగిందో లేదో తెలియదు.

ఇప్పటికీ బీచ్‌కి వెళితే నేను ఒడ్డున మాట్లాడకుండా కూర్చుంటాను. ఒంట్లో బాగాలేదా అని మావాళ్ళు అడుగుతారు.