పెద్దమ్మ నొక్కిన ప్రకటనలు

ఎదురింటి పెద్దమ్మ పోయిందని ఆమె కోడలు వచ్చి చెప్పేసరికి నేను గోంగూర పచ్చడి గురించి రాస్తున్నాను. ఏడుపు రాలేదు. "వస్తున్నా" అని, సగంలో ఉన్న వాక్యం పూర్తి చేసి లేచాను. ఎందుకు పూర్తి చేశానో నాకే తెలియదు.

నరసరావుపేటలో కూర్చుని వంటల బ్లాగు రాసి బతుకుతానంటే నవ్వనిది ఆమె ఒక్కతే. మీరు నా పేజీలో చదివిన వంటల్లో సగం ఆమెవే. కొలతలు అడిగితే మాత్రం కసురుకునేది. "ఉప్పుకి లెక్కేందే? నాలిక లేదా నీకు?"

ఒకరోజు, "రాస్తే డబ్బులెవరిస్తారే?" అని అడిగింది. చదివేవాళ్లు పేజీలో కనిపించే ప్రకటనలు నొక్కితే నాకు కాస్త వస్తుందని చెప్పాను. "ఓసినీ! నొక్కితే సరిపోద్దా?" అంది.

తర్వాతి నెల ఆదాయం ఒక్కసారిగా పెరిగింది. ఇక దారి దొరికిందనుకుని టీచరు ఉద్యోగం మానేశాను. పెద్దమ్మ తల పట్టుకుంది. "ఒక్క ఏడు మిరప పండిందని ఇల్లు మొదలెడతారా ఎవరన్నా, పిచ్చిమొహమా!" నేను వింటేగా.

కొన్నాళ్లకే ప్రకటనల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. నొక్కుతున్న తీరు చూస్తే డబ్బు కోసం కావాలని నొక్కిస్తున్నట్టు అనుమానంగా ఉందట, నా ఖాతా మూసేశారు. బతిమాలుతూ రాస్తే కుదరదన్నారు. అరుగు మీద కూలబడితే పెద్దమ్మ ధైర్యం చెప్పబోయింది.

"బెంగెట్టుకోమాకే. చర్చిలో ప్రార్థనయినాక ఆడోళ్లందరం ఫోన్లు తీసి నీయి నొక్కుతానే ఉన్నాం. నేనైతే పొద్దునా మాపునా గూడా."

ఒళ్లు మండింది. "మీరు నొక్కబట్టే పోయింది పెద్దమ్మా!" అనేశాను. ఆమె చేతిలో ఫోను అరుగు మీద పెట్టేసింది. "ప్రేమగానే గదే నొక్కింది," అంది. నిజమే. అది ఆ కంపెనీకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఇంకో స్కూల్లో పని దొరికేదాకా మధ్యాహ్నం అన్నం ఆమె ఇంటి నుంచే వచ్చేది. వద్దంటే, "నోరు మూసుకుని తిను" అనేది. ఇప్పుడు బడి నుంచి వచ్చాక రాస్తున్నాను. ఆ రాతల మీద బతకడం లేదు.

పెద్దమ్మను పడుకోబెట్టిన పెట్టె దగ్గర కోడలు మెల్లగా చెప్పింది. "నీ రాతలు రోజూ నాతో చదివించుకునేదక్కా. తను మాత్రం ఫోను ముట్టుకునేది కాదు. 'నా వేలు తగిలితే ఆ పిల్లకి మళ్లీ ఏమవుద్దో, నువ్వే జరుపు' అనేది."

పెట్టెలో ఆమె చేతులకు తెల్లటి తొడుగులు వేసి, గుండెల మీద ఒకదానిపై ఒకటి పెట్టారు. నేను ఆ కుడిచేతి చూపుడు వేలు పట్టుకున్నాను. గుడ్డ కింద చల్లగా ఉంది.