సాకెట్ల దల్వనీరా

రెసీఫె నగరపు ఆ సందులో ఎవరింట్లో సాకెట్ మొరాయించినా కబురు వెళ్లేది దల్వనీరాకే. ఎలక్ట్రీషియన్ అయిన భర్త పోయాక అతని టెస్టరూ స్క్రూడ్రైవర్లూ ఆమెకు మిగిలాయి. పద్ధతి మాత్రం పూర్తిగా ఆమెదే. పనిముట్టు బయటికి తీయకముందే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి విచారించేది. ప్లగ్గు మధ్య పిన్ను విరగ్గొట్టిందెవరు? ఒకే సాకెట్‌కు ఫ్యానూ ఇస్త్రీపెట్టే తగిలించిన పుణ్యాత్ములెవరు? సాకెట్ తనంతట తాను చెడదనీ, ఎవరో ఏదో చేసి నోరు మెదపకుండా ఉంటారనీ ఆమె సిద్ధాంతం. ఆ విచారణలో సాకెట్‌తో సంబంధంలేని రహస్యాలు కూడా బయటపడేవి కాబట్టి, ఆమెను పిలిచేముందు జనం కాస్త ఆలోచించుకునేవారు.

ఆ జూన్ శుక్రవారం సాయంత్రం టీవీ సీరియల్ చివరి భాగం. ఎప్పటిలాగే సందంతా కుర్చీలు మోసుకుని దల్వనీరా ఇంటికి చేరింది. ఆమె చూపు మాత్రం అదెమార్ కుర్చీ మీదే. బస్సు డ్రైవరుగా రిటైరైన ఆయనకు భార్య పోయి చాలాకాలమైంది. ఆయనంటే దల్వనీరాకు మక్కువ. ఎదురింటి ఆడపడుచు క్రెయుజాకూ అంతే. పెళ్లి చేసుకోకుండా ఉండిపోయిన క్రెయుజా ఈమధ్యే పెద్ద టీవీ కొన్నది ఎవరికోసమో వేరే చెప్పనక్కరలేదు.

సరిగ్గా పెళ్లి ఘట్టంలో టీవీ ఆరిపోయింది.

"కరెంటు పోయిందా?"

"పైన లైటు వెలుగుతుంటే కనబడ్డంలేదూ?"

దల్వనీరా ఆ సాకెట్‌లో టేబుల్ లైటు పెట్టి చూసింది, వెలగలేదు. పక్క సాకెట్‌లో టెస్టర్ కూడా వెలగలేదు. బోర్డులో స్విచ్చులన్నీ సవ్యంగానే ఉన్నాయి.

"వదినా!" ఎదుటి కిటికీలోంచి క్రెయుజా కేక. "ఇక్కడ పెళ్లికూతురు చర్చి మెట్లెక్కుతోంది! అదెమార్ గారూ, మీకు ముందువరసలో కుర్చీ వేశాను!"

అదెమార్ సగం లేచాడు.

"కూర్చోండి, ఎంతసేపు!" అని గద్దించింది దల్వనీరా.

"అత్తా, ముందు విచారణ కదా?" అంది మేనకోడలు జుస్సారా. "ఇంట్లో ఉండేది మనిద్దరమే. నేనేం చెయ్యలేదు. మరింకెవరు?"

"నీకు నోరెక్కువైందే."

దల్వనీరా వంటింట్లోకి వెళ్తే ఫ్రిజ్ చప్పుడు కూడా ఆగిపోయి ఉంది. హాల్లోకి తీగలు వెళ్లేది ఆ ఫ్రిజ్ వెనక సాకెట్ నుంచే. అది గుర్తుకు రాగానే దల్వనీరా కాళ్లు ఆగిపోయాయి. అక్కడ, గోడ అంచు మీద గ్లాసెడు నీళ్లలో, పెళ్లిళ్లు కుదిర్చే పునీత అంతోనివారి బొమ్మను ఆమే స్వయంగా తలకిందులుగా ముంచింది. వరుణ్ణి చూపించేదాకా ఆయన్ను అలా శిక్షించడం పెళ్లికాని పిల్లల పని. అరవై దాటిన పెద్దావిడ చేయవలసినది కాదు.

"తప్పుకోండి, ఫ్రిజ్ నేను లాగుతా," అంటూ వెనకే వచ్చిన అదెమార్ చొక్కా చేతులు మడిచాడు.

"వద్దు! మీ నడుం పట్టేస్తుంది."

"ఆగిపోయిన బస్సుల్ని తోసినవాణ్ణండీ!"

హాల్లో కుర్చీలు కదులుతున్న చప్పుడు. సాకెట్ బాగుపడకపోతే అందరితోపాటు అదెమార్ కూడా ఎదురింటికి పోతాడు. దల్వనీరా కళ్లు మూసుకుంది.

"లాగండి."

ఫ్రిజ్ అదురుకు గ్లాసు ముందే ఒరిగి, నీళ్లన్నీ సాకెట్‌లోకి దిగి ఉన్నాయి. పునీతుడు తలకిందులుగానే ఉన్నాడు.

"అత్తా! ఆయన్ని హింసించకూడదని నన్ను తిట్టావు కదే!"

కదిలిన కుర్చీలు ఆగిపోయి, జనం వంటింటి గుమ్మంలో కిక్కిరిశారు. దల్వనీరా తల ఎత్తకుండా మెయిన్ ఆపి, తడి తుడిచి, మాడిన తీగకొసలు కత్తిరించి, కొత్త సాకెట్ బిగించసాగింది. అదెమార్ ఒక చేత్తో టార్చి, రెండో చేత్తో బొమ్మ పట్టుకున్నాడు.

"ఎవరికోసమండీ?"

"టార్చి సరిగ్గా పట్టండి. చెయ్యి వణుకుతోంది."

"మీ చెయ్యి వణకట్లేదేం?"

"కరెంటు పనిలో వణికితే చస్తాం."

అదెమార్ బొమ్మను ఫ్రిజ్ మీద నిటారుగా నిలబెట్టాడు.

"అయ్యో, కోరిక తీరాకే నిలబెట్టాలండీ!" అంది జుస్సారా.

"తెలుసమ్మా. మా అక్కల పెళ్లిళ్లన్నీ ఇలాగే అయ్యాయి."

మెయిన్ వేయగానే ఖాళీ హాల్లో టీవీ ఒంటరిగా మోగింది. అంతలో క్రెయుజా తన కుర్చీ తానే మోసుకుంటూ రొప్పుతూ వచ్చింది.

"ఎవరూ రాలేదేమిటా అని కిటికీలోనే నిలబడిపోయాను. పెళ్లి జరిగిందా?"

"టీవీలోదా పిన్నీ?" అంది జుస్సారా.