నర్సప్ప తోలు

ఏండ్ల సంది నా కడుపుల ఒక మాట మురుగుతున్నది. మింగలేను, కక్కలేను. అన్నం ముంగట కూసుంటే వస్తది. ఎవరన్న నా పనిని మెచ్చుకుంటే వస్తది. ఈ నడుమ మరీ ఎక్కువైంది. నా పేరు చెప్ప. పేరు చెప్పే ధైర్యమే ఉంటే గిట్ల కాయితం మీద రాసుకునే గతి పట్టకపోవు. నేనెవరో మీకు తెల్వదు, మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న. ఇది గూడ పిరికితనమే. ఎరుకే నాకు.

నేను నాగర్‌కర్నూల్‌ల గుర్రాల సామాను కుడత. జీన్లు, కళ్లాలు, అన్నిటికన్న ఎక్కువ తలపట్టీలు. గుర్రాన్ని కట్టేసేటందుకు, పట్టుకొని నడిపిచ్చేటందుకు దాని మూతి సుట్టు, చెవుల ఎనుక తొడిగే తోలు పట్టీలు అవి. జర్మనోళ్ల లడాయి మొదలై పెట్రోలు దొరకకుండ అయినంక ఊర్లల్ల టాంగాలు పెరిగినయి. నాకు గిరాకీ పెరిగింది. వనపర్తికెల్లి, గద్వాలకెల్లి గూడ మనుషులొస్తరు. నీ చేతి పువ్వుల పట్టీ కావాలె అంటరు. ఆ చేతిని చూసుకుంటే నాకు రోత.

మాది పెద్దమందడి దిక్కు. ఎవుసం చేసుకునే ఇల్లు. మెట్ట భూమి. వానలు మొకం చాటేస్తే పని ఎతుక్కుంట వచ్చి ఇమామ్ సాబ్ దుకాన్ల చేరిన. ఆయన్ని ఉస్తాద్ అనేటోన్ని. ఇంట్ల మాత్రం బట్టల దుకాన్ల ఉన్ననని చెప్పిన. తోలు ముట్టినోన్ని మా ఇంట్ల గడప తొక్కనియ్యరు. నిజం చెప్పాలంటే నాకు గూడ ఆ తోలంటే రోతనే ఉండె. దినాం పొద్దుగూకంగనే బూడిదతోటి చేతులు రుద్దుకునేటోన్ని. చర్మం లేసి మంట పుట్టేదాక రుద్దుకునేటోన్ని. అయినా అన్నం ముద్ద మూతికాడికి రాంగనే వాసన వచ్చేది. గని పనిమీద ఇష్టం ఉండె. తోలు మీద ఇత్తడి పువ్వు కూసోబెట్టి, ఎన్కకెల్లి కాళ్లు మడిచి, బట్టతోటి తుడిస్తే అది తళుక్కుమనేది. ఆ తళుకు నాకు నిషా లెక్క ఎక్కింది. తోలంటే రోత, దాని మీద తళుకంటే పిచ్చి. గిసువంటోడు ఆ పనికి పనికొస్తడా? ఇప్పుడు అడుగుతున్న. అప్పుడు అడగలే.

ఉస్తాద్‌కు తోలు తెచ్చిచ్చేటోడు నర్సప్ప. తెలకపల్లి దిక్కు ఒక దొర ఊర్ల, ఊరి బయట ఉండేటోడు. మాదిగాయన. నా తండ్రి ఈడోడు. లందల, అంటే తోలు నానబెట్టే గుంతల, తంగేడు చెక్క ఏసి పచ్చితోలును పదును చేసేటోడు. తోలు చుట్ట నెత్తిన పెట్టుకొని నడుసుకుంట వచ్చి, అరుగు కింద నిలబడి, "అయ్యా, తెచ్చిన" అనేటోడు. నేను ముక్కు పక్కకు తిప్పుకొని తీసుకునేటోన్ని. వయసుల అంత పెద్దోన్ని నువ్వనే పిలిచేటోన్ని. ఆయన నన్ను అయ్యా అనేటోడు. అది తప్పని నాకు అనిపియ్యలే.

ఆ ఊరి దొరనే ఒక తెల్ల గుర్రం కొన్నడు. కురుమూర్తి సామికి ఏందో మొక్కు ఉండెనట. మొక్కు నాడు గుర్రాన్ని సింగారిచ్చి ఊరంత తిప్పాలె. తలపట్టీ ఎక్కడ లేనట్టు ఉండాలె అని ఉస్తాద్‌కు చెప్పి పంపిండు. నర్సప్ప తెచ్చిన తోళ్లల్ల మంచి నడుం తోలు తీసి పెట్టిండు ఉస్తాద్. చెంపల పట్టీలు కోసి కుట్టిండు. గంతట్లనే గద్వాలకెల్లి కబురొచ్చింది, ఆయన బిడ్డ కాన్పైంది, ఆమెకు పానం బాగలేదని. పోయెటప్పుడు నాతోటి అన్నడు, "బేటా, మూతి పట్టీ ముట్టకు. గుర్రం బలమంత ఆడనే పడతది. నేనొచ్చి చేస్త. నువ్వు జర కుచ్చులు కట్టుకుంట ఉండు."

నేను కుచ్చులు కట్టిన. ఎర్ర ఊలు కుచ్చులు. రెండు దినాలల్ల అయిపోయినయి. ఉస్తాద్ రాలే. మూతి పట్టీ తోలు నా ముంగటనే ఉన్నది.

నేనే చేస్తే ఏంది అనుకున్న. ఆయనొచ్చి చూసి, నువ్వు పనోడివైనవురా అంటడు అనుకున్న. తోలు మందంగ ఉండె. పువ్వుల కాళ్లు అటు మొన తేలాలంటే పలచగ ఉండాలె. రంపెతోటి, తోలు కోసే కత్తితోటి, గీకిన. ఇంగ జర, ఇంగ జర అనుకుంట గీకిన. ఎంత పలచనైతే పువ్వు అంత అందంగ కూసుంటున్నది. పువ్వుల కోసం ఆరెతోటి, తోలు పొడిసే సూదితోటి, అడ్డంగ బొక్కలు పొడిసిన. పక్క పక్కకే, ఒకే గీత మీద. అది తప్పని తెలిసేటంత పని నాకు రాదు. గని చేసినంక రెండు చేతులతోటి పట్టి గుంజి చూసిన. బొక్కకూ బొక్కకూ నడుమ తోలు చిట్లింది. గోరంత. నా కండ్లతోటి చూసిన. అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఆగి మీకు చెప్పాలె. నేను తెల్వక చేసిన్నని ఇప్పటికీ నా మనసు నాకు చెప్ప చూస్తది. అబద్ధం. చిట్లింది చూసిన. చూసి, దాని మీద ఎర్ర మక్మల్ గుడ్డ పెట్టి కుట్టి, గుడ్డ మీద పువ్వులు కూసోబెట్టిన. వేరే తోలు లేకుండె. దొర మనిషి తెల్లారి వచ్చెటట్టున్నడు. గోరంతదే గద, ఏమైతది అనుకున్న. గుడ్డ కుట్టినంక ఎంత సక్కగ కనబడ్డదంటే, లోపల ఏమున్నదో నేనే మర్సిపోయిన.

దొర మనిషి వచ్చి చూసి మురిసిపోయిండు. నేను గూడ ఆయన వెంబడే ఆ ఊరికి పోయిన. నా పనిని పదిమంది చూస్తుంటే చూడాలని.

మొక్కు నాడు గుర్రాన్ని దొరుండే గడీ ముంగటికి తెచ్చిండ్రు. ఎండల ఇత్తడి పువ్వులు మెరిసినయి. జనం అబ్బ అన్నరు. నా రొమ్ము ఉబ్బింది. డప్పులు మొదలైనయి. గుర్రం బెదిరింది. తల ఎత్తి ఒక్క గుంజు గుంజింది. మూతి పట్టీ నా బొక్కల గీత మీద, కాయితం చిరిగినట్టు చిరిగింది. పగ్గం పట్టుకున్నోని చేతుల పట్టీ మిగిలింది. గుర్రం జనం నడుమకెల్లి ఉరికి, చేన్లకు పడి, గట్టు లేని మోట బాయిల పడ్డది.

దాన్ని పైకి తియ్యలేకపోయిండ్రు. చానసేపు అరిసింది. ఆఖరికి దొర తుపాకి తెప్పిచ్చిండు.

మల్ల అందరం గడీ ముంగటికే వచ్చినం. తెగిన పట్టీని పగ్గం పట్టుకొని తెచ్చి నా చేతుల ఏసిండ్రు. దొర అరుగు మీద నిలబడి, "ఎట్ల తెగిందిరా?" అన్నడు. నేను చూసిన. గీకిన గీతలు, పొడిసిన బొక్కలు, అన్ని నా చేతిరాత లెక్క కనబడుతున్నయి. ఎవరన్న ఒక్కరు చేతుల పట్టుకొని చూస్తే చాలు. గని ఆడ ఉన్నోళ్లల్ల తోలు చేత పట్టేటోడు ఒక్కడు లేడు. అది నాకు ఎరుకే.

నేను ఏం చేసిన్నో వినుండ్రి. ఆ పట్టీని ముక్కు కాడికి తెచ్చుకున్న. వాసన చూసినట్టు చేసి, మొకం తిప్పుకొని, తుపుక్కున ఉమ్మేసిన. "తోలు మురిగింది దొరా. సచ్చిన గొడ్డుది, పురుగు పట్టింది అంటగట్టిండు నర్సప్ప" అన్న. అంతే. అందరు తువ్వాళ్లు మూతులకు అడ్డం పెట్టుకున్నరు. దొర రెండడుగులు ఎన్కకు జరిగి, "దూరం పట్టు దాన్ని" అన్నడు. నిజానికి ఆ తోలుకు తంగేడు వాసన తప్ప ఇంకో వాసనే లేకుండె. నాకు చిన్నప్పటి సంది నేర్పిన రోతను, వాళ్లకు గూడ నేర్పిన రోతను, నేను సాక్ష్యానికి పిలిచిన.

నర్సప్పను పిలిపిచ్చిండ్రు. అంత దూరంల నిలబడ్డడు. భయంకన్న ఎక్కువ, ఆయన మొకంల నమ్మలేనట్టు ఉండె.

"అయ్యా, ఒక్కపారి నా చేతికియ్యి. చూస్త" అన్నడు నాతోటి.

"చూసేదేముంది?" అన్న.

"నా తోలు మురిగిందా అయ్యా?"

ఆయన నా కండ్లల్లకే చూస్తుండు. ఆ దినం దాక నేను ఆయన మొకం సరిగ్గ చూడలే. ఎడమ చెంప మీద మచ్చ ఉండె.

"మురిగింది" అన్న.

దొర ఆయన్ని కొట్టి ఇడిసినా బాగుండు. కొట్టలే. దొర మనిషి ఒకడు ఆయన లందకు పోయి ముంత నిండ ఆ నీళ్లు ముంచుకొచ్చిండు. సున్నం, తంగేడు, ఎంటికలు, కొవ్వు తేలే నీళ్లు. "నీ మురుగు నువ్వే తాగు" అన్నరు. తాగిపిచ్చిండ్రు. ఆయన పెండ్లాం అడ్డమొస్తే నూకేసిండ్రు. ఆయన తాగిండు. గొంతు కదులుతుంటే నేను చూసిన. గడ్డం మీదికెల్లి కారింది. ఎవడో నవ్విండు.

నేను గోడ ఎనుకకు పోయి కక్కుకున్న. పొద్దుగాల నా కులం అడిగిన ముసలామె ఒకామె చూసి జాలి పడ్డది. "పాపం, కాపుదనపు బిడ్డ, ఈ పాడు పనిల ఎట్ల పడ్డవు నాయనా" అన్నది. పోయి సల్ల తెచ్చిచ్చింది. చల్లటి సల్ల, ఉప్పేసింది. ఆయన ఆ నీళ్లు తాగిన చోటుకు నాలుగడుగుల దూరంల నిలబడి, నేను సల్ల తాగిన. అంత తాగిన.

ఇది రాసి, లేసి పోయి బూడిదతోటి చేతులు రుద్దుకొచ్చిన.

నర్సప్ప లందను రాళ్లతోటి పూడ్సిండ్రు. ఇంటిల్లిపాది ఊరిడిసి పోయిండ్రు. తుంగభద్ర ఒడ్డున రాజోలి దిక్కు పోయిండ్రని తర్వాత తెలిసింది. ఉస్తాద్ వచ్చినంక పట్టీ ఏదని అడిగిండు. గడీలనే పారేసిండ్రన్న. అది అప్పటికే ముక్కలు ముక్కలు కోసి నేను పొయ్యిల పెట్టిన. ఆయన జరసేపు నా దిక్కు చూసి, "నర్సప్ప అట్ల చేసేటోడు కాదు" అన్నడు.   ఆయన దగ్గరనే పని నేర్సుకున్న. ఆయన పోయినంక దుకానం నాదే అయింది.

ఎందుకు చేసినవురా అని నన్ను నేను ఎన్నిమార్లు అడుగుకున్ననో. దొరకు భయపడ్డనా? భయపడ్డ. గని దొర నన్నేం చేస్తుండె? కాపోళ్ల పిలగాన్ని రెండు దెబ్బలేసి ఎళ్లగొడుతుండె. ఆ నీళ్లు నాకు తాపకపోతుండె. అది నాకు ఆనాడే తెలుసు. నేను తప్పిచ్చుకున్నది రెండు దెబ్బలు, ఉస్తాద్ నోట నీకు పని రాదన్న ఒక్క మాట. గంతే. గంత సౌకగ ఒక మనిషిని అమ్మిన.

ఒకసారి గద్వాలకు ఇత్తడి సామాను కోసం పోయి, ఆడికెల్లి రాజోలి దాక పోయిన. చెప్పేద్దామనే పోయిన. నర్సప్ప ఇంటి ముంగట కూసొని తోలు మోట కుడుతుండు. బక్కపడ్డడు. నేను బాట మీద నిలబడ్డ. ఆయన తలెత్తి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని, "ఎవరు కావాలె అయ్యా?" అన్నడు. నన్ను పోల్చుకోలే. పోల్చుకున్నడేమో, తెల్వదు. నేను బాట తప్పిన్నని చెప్పి ఎన్కకు మర్లి వచ్చిన.

పోయిన నెల రాజోలి దిక్కు టాంగా ఆయన ఒకడు పట్టీ కోసం వచ్చి, మాటల మీద, నర్సప్ప పోయిండని చెప్పిండు. నా లోపల మొట్టమొదలు లేసింది దుఃఖం కాదు. నిమ్మళం. ఇంగ తెలిసినోడు లేడు అన్న నిమ్మళం. టాంగా ఆయనకు నవ్వుకుంట కొలతలు అడిగిన. ఆయన పోయినంక నన్ను నేను చూసుకున్న. లంద అడుగున పేరుకునేదానికన్న రోత కొట్టిన.

అందుకే రాస్తున్న. మీరు మన్నిస్తరని కాదు. మన్నిచ్చే హక్కు ఉన్నోడు మట్టిల కలిసిండు. ఆయన పెండ్లాం ఉన్నదో లేదో నేను అడగను గూడ అడగలే.

నర్సప్ప తోలు మురగలే. మంచిది. దాన్ని పాడు చేసింది నేను. పాడు చేసినట్టు తెలిసి దాసింది నేను. ఆనాడు గడీ ముంగట, అందరి ముంగట చెప్పాల్సిన మాట ఇది. ఇయ్యాల చెప్పిన. దీంతోటి ఆయనకు వచ్చేదేం లేదు. నాకు మాత్రం, సిగ్గు లేకుండ చెప్తున్న, ఊపిరి జర ఆడుతున్నది.