భజన మండలి సిలిండర్

దేవరుప్పులకు దగ్గర్లోని మా ఊళ్లో భజన మండలికి ఉన్న ఆస్తి ఒక హార్మోనియం, ఒక డోలక్, తాళాలు, ఒక గాలి సిలిండర్. కొత్తవాళ్లు చివరి మాట దగ్గర ఆగి, మళ్లీ అడుగుతారు. అడిగిన ప్రతిసారీ చెప్పడం నాకిష్టం.

మా ఊరి బావిలో జారిపోయిన మోటరు కోసం దిగిన ఒకతను అడుగున తీగల్లో చిక్కుకుని ఊపిరాడక పోయాడు. అప్పట్లో మండలి కొత్త హార్మోనియం కోసం చందాలు కూడబెడుతోంది. ఆ శనివారం భజన అయ్యాక, నాకు చిన్నప్పుడు పురాణం చదవడం నేర్పిన మా మండలి పెద్దాయన అన్నాడు: "పాత పెట్టె ఇంక పలుకుతనే ఉన్నది. పోయినోడు పలుకుతడా?" అంతే. ఆ చందాలతో విశాఖ నుంచి, సముద్రంలో మునిగి పనిచేసేవాళ్లు వాడిన సెట్టు ఒకటి తెప్పించారు. సిలిండరు, దాని మెడకు బిగించే ఇత్తడి రెగ్యులేటర్, గొట్టం, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే ముక్క, కళ్లద్దాలు. ఈత బాగా వచ్చినవాణ్ని కాబట్టి నన్ను పంపి అక్కడే నేర్పించారు. అప్పటి నుంచి తరిగొప్పుల నుంచి ఘనపూర్ దాకా ఏ బావిలో మోటరు పడినా కబురు మా మండలికే వస్తుంది. బయల్దేరే ముందు పెద్దాయన వరాహస్వామిని తలచుకోమంటాడు. "స్వామి నీళ్లల్ల మునిగి భూదేవినే తెచ్చిండు. నువ్వు మోటరు తేలేవా?"

ప్రతిసారీ తెచ్చాను. మొన్న దసరా తర్వాత మహబూబాబాద్ దగ్గరి తండాలో తప్ప.

ఆ తండాలో ఒకామె మిర్చి తోట వేసింది. తాడు తెగి మోటరు బావి అడుగుకు పోయింది. నేను దిగాను. పీల్చిన ప్రతిసారీ గాలితో పాటు కొంచెం నీళ్లు కూడా నోట్లోకి వచ్చాయి. మోటరు చేతికి తగిలింది, కానీ తాడు కట్టేలోపే దగ్గు ఆపుకోలేక పైకి వచ్చేశాను.

"దొరకలేదా అన్నా?" అందామె.

"దొరికింది అక్కా. నా సామానే మంచిగ లేదు. బాగు చేయించుకోని వస్త."

"వస్త అన్నోళ్లు మస్తుమంది. తోట మాడిపోతాంది జర చూడు." పక్కనున్న భర్తతో వాళ్ల భాషలో ఏదో అంది. అతను నవ్వాడు. మాట అర్థం కాకపోయినా ఆ నవ్వు దారంతా నా వెంటే వచ్చింది.

ఆ శనివారం మండలిలో ఇదే చర్చ. సెట్టు పాతబడింది, కొత్తది కొందామని కొందరు. పెద్దాయన ఒప్పుకోలేదు. "విప్పి చూడకుంట ఎట్ల పారేస్తం? గుడి కురిస్తె పెంకలు మారుస్తం గని, దేవుణ్ని మారుస్తమా?"

ఆడవాళ్ల వరసలోంచి మా ఆవిడ లేచింది. "బాపూ, బాయిల దిగేది నీ దేవుడు కాదు, నా పెనిమిటి."

అందరూ నవ్వారు. పెద్దాయనా నవ్వాడు. "అయితే నువ్వే చెప్పు బిడ్డా, ఏం చేద్దాం?"

"బాగు చేసేటోడు నా ముందల చెప్పాలె. అప్పటిదాంక ఈయన దిగడు."

భూపాలపల్లిలో నాకు తెలిసినాయన ఉన్నాడు. బొగ్గు గనుల్లో ప్రమాదమైతే లోపలికి పోయేవాళ్లు వేసుకునే ఊపిరి యంత్రాలు బాగుచేసి రిటైరైనవాడు. సెట్టును సంచిలో పెట్టుకుని ఇద్దరం బస్సెక్కాం. ఆయన వరండాలో పేపరు పరిచి, నోటి ముక్కను విప్పాడు. వదిలిన ఊపిరి బయటికి పోయే చోట పల్చని రబ్బరు మూత ఉంటుంది. దాన్ని వేలితో ఎత్తి చూసి నా మొహంలోకి చూశాడు.

"ఏం తమ్మీ, నీళ్లల్ల బువ్వ తింటవా ఏంది?"

మూత కింద నాని ఉబ్బిన బియ్యం గింజ. పసుపు రంగులో ఉంది.

మేమిద్దరం ఒకేసారి గుర్తుపట్టాం. దసరా నాడు కొడవళ్లకు, ట్రాక్టర్లకు పూజ చేసినట్టే మండలి ఈ సెట్టుకూ బొట్టు పెట్టి పూజ చేస్తుంది. ఈసారి నోటి ముక్క పైకి తెరుచుకుని ఉండేలా పీట మీద పెట్టాం. మండలి మొత్తం దాని మీద అక్షింతలు చల్లింది. ఒక గింజ లోపలికి జారి, నా ఊపిరితో కొట్టుకుపోయి మూత కింద ఇరుక్కుంది. ఆ సందులోంచే నీళ్లు వచ్చాయి.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మండలి దీవెనంతా నీ గొంతులనే వడ్డది."

ఆయన మాత్రం నవ్వి ఊరుకోలేదు. గొట్టాన్ని వంచి చూపించాడు. సన్నని పగుళ్లు. రబ్బరు మూత గట్టిబడింది. "ఈ రబ్బర్లు, గొట్టం ఉంచొద్దు. ఇత్తడిది నీకన్న గట్టిగున్నది."

"అన్నా," అంది మా ఆవిడ, నవ్వు ఆపి. "నీ కొడుకైతే దీంతోని దిగనిస్తవా?"

ఆయన రెగ్యులేటర్‌ను చేతిలో ఒకసారి తిప్పాడు. "గిట్లైతె దిగనియ్య. అన్ని మార్చి, నా ముందల నీళ్లల్ల పెట్టి చూసినంక దిగనిస్త."

మేము సిలిండర్ నింపించే హైదరాబాద్ దుకాణం నుంచి కొత్త గొట్టం, రబ్బర్లు బస్సు పార్సిల్‌లో వచ్చాయి. మళ్లీ ఇద్దరం వెళ్లాం. ఆయన బిగించాక వాళ్ల నీళ్ల తొట్టిలో తల ముంచి, మా ఆవిడ భుజం తట్టేదాకా ఊపిరి పీల్చాను. నోట్లోకి చుక్క నీరు రాలేదు.

"ఇగ పో," అంది.

ఆ గింజ అపశకునమని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. దీవెన దీవెనే. దాన్ని ఎక్కడ పడనివ్వాలో చూసుకోవడం మా పని. పెద్దాయనకు చెబితే "నిజమే బిడ్డా" అని, వచ్చే దసరాకు నోటి ముక్కకు గుడ్డ చుట్టాలని అందరి ముందూ చెప్పాడు.

మర్నాడే తండాకు వెళ్లాను. ఆమె గట్టు మీద నిలబడి నన్ను, సంచిని చూసింది. దిగాను. అడుగున చీకటి, చల్లదనం. గాలి పొడిగా, మెత్తగా వచ్చింది. నోరు తెరిచి నామం పలకలేను కాబట్టి ఊపిరినే తాళం చేసుకున్నాను. పీల్చితే ఒక దెబ్బ, వదిలితే ఒక దెబ్బ. మోటరుకు తాడు చుట్టి, రెండు ముళ్లు వేసి లాగమని సైగ చేశాను. ఆ బరువు నా చేతుల్లోంచి పైకి లేచిపోతుంటే, ఇది మా ఊరి భజన మండలి పని అని ఆ నీళ్లల్లోనే గట్టిగా అరవాలనిపించింది.

పైకి వచ్చేసరికి ఆమె అప్పటికే మోటరుకు పసుపు కుంకుమ పెట్టింది. ఆమె భర్త నవ్వుతూ నాకు చెయ్యి అందించాడు. ఆమె పళ్లెంలోంచి పసుపు బియ్యం గుప్పెడు తీసుకుని నా వైపు తిరిగింది. "నీ సామాన్లకు గూడ ఏస్తనే అన్నా."

నోటి ముక్కను అరచేత్తో గట్టిగా మూసి పట్టుకున్నాను.

"ఇగ ఎయ్యి అక్కా," అన్నాను.